ఒంటరిగా ఎంతసేపు ఉండగలరు? సీ5 వెన్నుపాము గాయం తర్వాత ఒక ఇంటిని అమర్చిన కేస్ స్టడీ

ఈ కేసులోని వ్యక్తి 41 ఏళ్ల గణిత ఉపాధ్యాయురాలు. రోడ్డు ప్రమాదంలో మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతినగా, పునరావాస కేంద్రంలో ఏడు నెలలు ఉండి ఇంటికి చేరుకున్నారు. గాయమైన పదో నెలలో, ఆక్యుపేషనల్ థెరపిస్టునైన (రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా సాయపడే చికిత్సకుడినైన) నన్ను ఆ కుటుంబం సంప్రదించింది. గాయం స్థాయి సీ5, అంటే వెన్నుపాము మెడ భాగంలో ఐదో ఖండం. వైద్యులు వాడే ఏఐఎస్ వర్గీకరణలో ‘ఎ’, అంటే సంపూర్ణ గాయం. ఆమె భుజాలను పక్కకు ఎత్తగలరు, మోచేతులను వంచగలరు. మోచేతిని చాచే ట్రైసెప్స్ కండరం పనిచేయదు. మణికట్లు, వేళ్లు కదలవు. భర్త ఉద్యోగానికి పెట్టిన సెలవు మరో మూడు నెలల్లో ముగియనుంది, కూతురు పగలంతా బడిలో ఉంటుంది, సహాయకురాలు ఉదయం మూడు గంటలు, సాయంత్రం ఒక గంట వస్తారు. మధ్యలో మిగిలిపోయే సమయంలో ఆమెను ఎంతసేపు ఒంటరిగా ఉంచవచ్చన్నది వారు నా ముందు పెట్టిన ప్రశ్న.

గుర్తుపట్టగల వివరాలను మార్చి, ఆమె అనుమతితో ఈ కేసును రాస్తున్నాను. మొదటి అమరికలో నేను చేసిన తప్పు వల్ల ఆమె ప్రాణాపాయం అంచుదాకా వెళ్లి వచ్చారు. ఆ తప్పును దాచకుండా రాస్తే ఈ వృత్తిలో ఉన్న మరొకరికి ఉపయోగపడుతుందని మొదట అన్నది కూడా ఆమే.

మదింపు: ముగ్గురి మూడు జాబితాలు

కెనడియన్ ఆక్యుపేషనల్ పర్ఫార్మెన్స్ మెజర్ అనే పద్ధతితో మదింపు మొదలుపెట్టాను. ఇందులో చికిత్స పొందే వ్యక్తే తనకు ముఖ్యమైన పనులను ఎంచుకుని, ప్రతి పనికీ దాని ప్రాముఖ్యం, ఇప్పుడు చేయగలుగుతున్న తీరు, దానిపట్ల తన సంతృప్తి అనే మూడింటికి 1 నుంచి 10 వరకు అంకెలు ఇస్తారు. కుటుంబ సభ్యులను నేను విడిగా అడిగాను. లైట్లు, ఫ్యాను, టీవీ, ఫోను, అత్యవసర పిలుపు అని భర్త వరసగా చెప్పారు. అమ్మ తన స్నేహితులతో మళ్లీ మాట్లాడేలా ట్యాబ్లెట్ కావాలని కూతురు చెప్పింది. ఆమె మాత్రం ఈ రెండు జాబితాల్లోనూ లేని దానిని మొదట చెప్పారు. తన గది తలుపు తాను మూసుకోగలగాలి. ప్రాముఖ్యం 10, చేయగలిగే తీరు 1, సంతృప్తి 1.

తలుపు తెరుచుకోవడం గురించి చాలామంది అడుగుతారు. మూసుకోవడం గురించి అడిగిన వారు నా అనుభవంలో అంతవరకు లేరు. కారణం అడిగితే ఆమె ఇలా అన్నారు: “పొద్దున లేచిన దగ్గర్నుంచి నా ఒంటిని ఎందరు ముట్టుకుంటారో మీకు తెలుసు కదండీ. ఆ తర్వాత ఒక గంట ఎవరూ రావద్దని తలుపు వేసుకోవాలంటే, ఆ తలుపు వేయడానికి కూడా నేను ఎవరినో ఒకరిని పిలవాలి.” నేను ఈ మాటను రాసుకున్నాను గానీ, భద్రతకు సంబంధించినవి ముందు పూర్తవ్వాలన్న ఆలోచనతో తలుపును రెండో దశకు నెట్టేశాను. ఆ నిర్ణయం సరైనది కాదని ఇప్పుడు అనుకుంటున్నాను. సహాయక పరికరాలను వదిలేయడంపై 1993లో ఫిలిప్స్, జావో ప్రచురించిన అధ్యయనంలో 227 మంది పెద్దవారు తమకు అందిన పరికరాల్లో 29.3 శాతాన్ని పక్కన పెట్టేశారని తేలింది. పరికరాన్ని ఎంచుకునేటప్పుడు వాడేవారి అభిప్రాయాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం అందుకు దారితీసిన కారణాల్లో ఒకటి. ఈ సంఖ్యను శిక్షణ తరగతుల్లో ఎన్నోసార్లు చెప్పిన నేను, ఆమె తలుపు మాట వచ్చేసరికి దానిని గుర్తు చేసుకోలేదు.

రెండోసారి వెళ్లినప్పుడు రాత్రి పది నుంచి ఉదయం ఐదు వరకు పక్క గదిలో కూర్చున్నాను. పగటి మదింపులో ఎంత అడిగినా రాని సమాచారం ఒక రాత్రిలో దొరుకుతుంది. ఆ రాత్రి ఆమె ఏడుసార్లు పిలిచారు. అందులో రెండు పిలుపులు పక్కకు తిప్పడానికి. ఒత్తిడి పుండ్లు రాకుండా ఇది తప్పనిసరిగా మనిషి చేతులతో జరగాల్సిన పని. రెండు పిలుపులు ఫ్యాను కోసం, ఒకటి నీళ్ల కోసం, ఒకటి జారిపోయిన ఫోను కోసం, ఒకటి కిటికీలోంచి కళ్లలో పడుతున్న వీధి దీపం వెలుతురు కోసం. అంటే ఏడింట ఐదు పిలుపులకు భర్త నిద్ర లేవాల్సిన అవసరం లేదు. నీళ్ల సమస్యకు ఎలక్ట్రానిక్స్ కూడా అక్కర్లేదు. మంచానికి బిగించిన నీటి సంచి, దాని నుంచి నోటి దగ్గరకు వచ్చే పొడవాటి గొట్టం, చివరన కొరికితే తెరుచుకునే మూత చాలు. దానిని మరుసటి వారమే అమర్చాం. ఈ కేసు మొత్తంలో ఒక్కసారి కూడా పాడవనిది అదే.

ఫ్యాను విషయం కొంచెం వివరించాలి. గాయం కంటే కిందనున్న శరీర భాగాల్లో చెమట పట్టడం, రక్తనాళాలు సంకోచించడం వంటి స్వయంచాలక చర్యలు మెదడు అదుపులో ఉండవు కాబట్టి, మెడ దగ్గర గాయమైన వారి శరీరం చుట్టూ ఉన్న వేడినీ చలినీ తనంతట తాను సర్దుకోలేదు. గది వేడెక్కితే వారి ఒళ్లు కూడా వేడెక్కుతుంది. భర్త తన జాబితాలో సౌకర్యం కింద రాసిన ఫ్యానును నేను వైద్య అవసరాల కిందకు మార్చాను.

మొదటి అమరిక, అది విఫలమైన మధ్యాహ్నం

చేతులు పనిచేయని వ్యక్తికి గొంతు స్పష్టంగా ఉంటే వాయిస్ అసిస్టెంట్ పెట్టాలని ఎవరికైనా తోస్తుంది. నాకూ అదే తోచింది. మంచం పక్కన ఒక స్పీకరు, ఫ్యానుకు, దీపాలకు స్మార్ట్ స్విచ్‌లు, టీవీకి, ఏసీకి ఇన్‌ఫ్రారెడ్ సంకేతాలు పంపే ఒక చిన్న పెట్టె, ఫోనులో గొంతుతో నడిచే సదుపాయం: రెండు రోజుల్లో అన్నీ సిద్ధమయ్యాయి. మొదటి వారం ఇంట్లో అందరూ సంతోషించారు. ఫ్యాను వేగాన్ని ఎవరినీ అడగకుండా తగ్గించుకున్న మొదటి సాయంత్రం ఆమె దానిని నాలుగుసార్లు పెంచి, నాలుగుసార్లు తగ్గించారు.

ఇబ్బందులు రాత్రి పూట మొదలయ్యాయి. సీ5 గాయంలో ఊపిరితిత్తుల కింద ఉండే శ్వాస కండరం, డయాఫ్రం, చాలావరకు పనిచేస్తుంది గానీ, పక్కటెముకల మధ్య కండరాలూ పొట్ట కండరాలూ పనిచేయవు. గాలిని బలంగా బయటకు నెట్టేవి అవే కాబట్టి, మామూలుగా మాట్లాడగలిగిన వ్యక్తి కూడా కేక వేయలేరు, గట్టిగా దగ్గలేరు. గోడవైపు తిరిగి పడుకున్నప్పుడు, ఫ్యాను చప్పుడులో, వీపు వెనకనున్న మైక్రోఫోనుకు ఆమె మాట అందేది కాదు. కూతుర్ని లేపకుండా ఉండాలని ఆమె మెల్లగా అనే మాట అసలే అందేది కాదు. స్పీకరును కాస్త జరిపి, సున్నితత్వాన్ని పెంచి సరిపెట్టాను.

మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం భర్త ఒక గంట పని మీద బయటికి వెళ్లారు. ఆమె మంచం మీద పడుకుని ఉన్నారు. తొడ కింద మూత్ర గొట్టం మడతపడి మూత్రాశయం నిండిపోవడంతో తల పగిలేంత నొప్పి, ముఖమంతా ఎర్రబడి చెమటలు పట్టడం మొదలయ్యాయి. దీనిని అటానమిక్ డిస్‌రెఫ్లెక్సియా అంటారు. టీ6 (వెన్నుపాము ఛాతీ భాగంలో ఆరో ఖండం) లేదా అంతకంటే పైస్థాయిలో గాయమైన వారిలో, గాయం కింద ఎక్కడైనా ఇబ్బంది కలిగితే, చాలా సందర్భాల్లో అది మూత్రాశయంలోనే ఉంటుంది, రక్తపోటు ఒక్కసారిగా పెరిగిపోతుంది. కారణాన్ని తొలగించకపోతే మెదడులో రక్తస్రావం దాకా వెళ్లవచ్చు. చేయాల్సింది ఏమిటో ఆమెకు పూర్తిగా తెలుసు. లేపి కూర్చోబెట్టాలి, బిగుతు బట్టలను వదులు చేయాలి, గొట్టాన్ని సరిచేయాలి. చేయడానికి ఒక మనిషి కావాలి. ఆమె స్పీకరును పిలిచారు. ఇంటర్నెట్ లేదని అది సమాధానం చెప్పింది. ఫోనును పిలిచారు, మధ్యాహ్నం పక్కకు తిప్పినప్పుడు దాని స్టాండు జరిగిపోయి ఫోను గోడవైపు తిరిగి ఉంది. నలభై నిమిషాల తర్వాత భర్త వచ్చేసరికి పై రక్తపోటు 190 ఉంది. ఆమెకు మామూలుగా ఉండేది 100 దగ్గర. లేపి కూర్చోబెట్టి గొట్టం మడత తీశాక కొద్ది నిమిషాల్లో తగ్గింది.

ఆ సాయంత్రం నేను ఆ ఇంట్లో కూర్చుని అమరికను కాగితం మీద గీశాను. దీపాలు, ఫ్యాను, టీవీ, అత్యవసర పిలుపు వేర్వేరు పెట్టెల్లో కనిపించాయి గానీ, అన్నింటి నుంచి బయలుదేరిన గీతలు ఒకే రౌటరు గుండా, ఒకే గొంతు మీదుగా వెళ్తున్నాయి. రెండు దారులు ఇచ్చానని నేను అనుకున్నది నిజానికి ఒకే దారి. స్పీకరు తయారీదారుదో, ఇంటర్నెట్ సంస్థదో తప్పని అనడం తేలికే; కానీ నెట్ ఆగిపోవడం ఎక్కడైనా మామూలు విషయమే, దానికి సిద్ధపడి ఉండాల్సింది నేను. ఆ రోజు నుంచి నా మదింపు పత్రంలో ఒక గడి కొత్తగా చేరింది: ప్రతి పనికీ ఎదురుగా, ‘కరెంటు లేనప్పుడు ఎలా, నెట్ లేనప్పుడు ఎలా, గొంతు పనిచేయనప్పుడు ఎలా’ అని రాసి, మూడింటికీ జవాబు దొరికే వరకు ఆ పని పూర్తయినట్టు సంతకం పెట్టను.

ఒకే ఒక స్విచ్

ఇంటర్నెట్ పుట్టకముందే ఈ పని జరిగింది. 1960 దశకం తొలినాళ్లలో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో రెగ్ మేలింగ్ తయారుచేసిన పోసమ్ అనే యంత్రంతో, ఒక గొట్టంలో గాలిని ఊది, పీల్చి, దీపాలను, గంటను, టైపు యంత్రాన్ని కూడా నడిపేవారు. ఆ పేరుకు లాటిన్‌లో ‘నేను చేయగలను’ అని అర్థం. ఊదే గొట్టాన్ని ఆమెతోనూ ప్రయత్నించాం; ఎప్పుడూ ముఖం ముందు ఏదో వేలాడుతూ ఉంటే మనుషులు తనతో మాట్లాడే తీరు మారుతుందని ఆమె వద్దన్నారు. ఆ అభ్యంతరం నాకు పూర్తిగా సబబనిపించింది.

శరీరంలో ఏ భాగంతో స్విచ్ నొక్కాలన్నది తేల్చడానికి నాలుగు రోజులు పట్టింది. కుడి మోచేయి, ఎడమ భుజం, తల పక్క భాగం: ఒక్కో చోట ఇరవైసార్లు నొక్కమని అడిగి, ఎన్నిసార్లు తగిలింది, ఎన్నిసార్లు వదలడం ఆలస్యమైంది, అనుకోకుండా ఎన్నిసార్లు పడింది, అలసట ఎప్పుడు మొదలైంది అన్నవి ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి రాశాం. ఉదయం మోచేయే మెరుగ్గా కనిపించింది. రాత్రి లెక్కలు వేరుగా వచ్చాయి: కండరాలు బిగుసుకునే స్పాజం వచ్చినప్పుడు మోచేయి దానంతటదే వంగి స్విచ్ మీద పడి అక్కడే ఉండిపోయేది. నాలుగు సెకన్లు నొక్కి పట్టుకుంటే అత్యవసర పిలుపు వెళ్లాలన్నది నా మొదటి ఆలోచన. అలా చేసి ఉంటే ప్రతి స్పాజమూ ఒక తప్పుడు పిలుపు అయ్యేది, పది తప్పుడు పిలుపుల తర్వాత ఎవరూ పరుగెత్తుకు రారు. మెడ కండరాల్లో తలను తిప్పేవి గాయం కంటే పై నుంచి వచ్చే నరాలతో నడుస్తాయి కాబట్టి, అక్కడ స్పాజం లేదు. అందువల్ల తలనే ఎంచుకున్నాం. మోటారు చక్రాల కుర్చీలో ఉన్నప్పుడు తల ఆనించే దిండు కుడివైపున ఒకటి, మంచం మీద ఏ వైపు తిరిగి పడుకున్నా అందేలా రెండు వైపులా చెరొకటి. మూడూ మామూలు 3.5 మిల్లీమీటర్ల జాక్ ఉన్న స్విచ్‌లే. మంచం మీదవి రెండూ సమాంతరంగా కలిపి ఉంటాయి, ఏది నొక్కినా ఒకటే. అత్యవసర పిలుపుకు ఎంతసేపు నొక్కి పట్టుకోవాలన్నది ఇప్పుడు నిర్భయంగా మూడు సెకన్లకు తగ్గించగలిగాం.

ఒకే స్విచ్‌తో పన్నెండు పనులు చేయడానికి స్కానింగ్ పద్ధతి వాడతాం: తెర మీద ఒక్కో అంశం వరసగా వెలుగుతూ పోతుంది, కావలసినది వెలిగినప్పుడు నొక్కాలి. ఒక్కో అంశం 1.5 సెకన్లు వెలిగితే పన్నెండోది రావడానికి 18 సెకన్లు పడుతుంది. నాలుగేసి అంశాలుగా మూడు గుంపులు చేసి, ముందు గుంపును, తర్వాత అంశాన్ని ఎంచుకుంటే ఎంత దూరానిదైనా ఏడు అడుగుల్లో, అంటే 10.5 సెకన్లలో దొరుకుతుంది. దీపాలన్నీ ఒక గుంపు, కిటికీ తెరలూ తలుపులూ ఒక గుంపు అని నేను చక్కగా సర్ది చూపించాను. ఆమె అది చూసి, ఇది వస్తువుల వరస గానీ తన రోజు వరస కాదన్నారు. వారం రోజులు ఏది ఎన్నిసార్లు వాడుతున్నారో కూతురి చేత లెక్క రాయించి, ఎక్కువగా వాడేది తక్కువ అడుగుల్లో రావాలని తానే కొత్త వరస వేశారు. మోర్స్ కోడ్‌లో ఇంగ్లిష్ అక్షరం ‘ఇ’కి ఒకే చుక్క ఉండటం వెనకనున్న సూత్రం ఇదేనని నాకు వివరించారు కూడా. ఫ్యాను మొదటికి వచ్చింది, టీవీ చివరికి పోయింది. ఆ సాయంత్రం ఒక పాఠం విన్నట్టుగా ఉంది నాకు, ఆమెకూ ఒక పాఠం చెప్పినట్టుగా ఉందని ముఖంలో కనిపించింది.

అత్యవసర పిలుపును ఈ స్కానింగ్ నుంచి పూర్తిగా విడదీశాం. తెర ఆగిపోయినా, రౌటరు ఆగిపోయినా, మూడు సెకన్లు నొక్కితే ఇంట్లో మోగే రేడియో గంటా, మొబైల్ నెట్‌వర్క్ మీద వరసగా ముగ్గురికి ఫోను చేసే విడి పరికరమూ పనిచేస్తాయి. రెండింటికీ బ్యాటరీ ఉంది. ఈ రకం స్విచ్‌లో ఒక ప్రమాదం దాగి ఉంటుంది. తీగ లోపల తెగిపోతే ఏ సూచనా ఉండదు, నొక్కేదాకా ఎవరికీ తెలియదు. అందుకని ప్రతి ఉదయం సహాయకురాలు వెళ్లేముందు ఆమె మూడు స్విచ్‌లనూ ఒక్కొక్కటిగా నొక్కి, గంట మోగిన తర్వాతే వెళ్లమంటారు. స్టాండ్లు జరిగిపోకుండా వాటి కీళ్ల మీద రంగు టేపుతో గుర్తులు పెట్టి, సరైన అమరిక ఫొటోను మంచం తల దగ్గర గోడకు అంటించాం. రెండు నెలల తర్వాత ఒక ఉదయం ఎడమవైపు స్విచ్ మోగలేదు. తీగ మంచం కీలు దగ్గర నలిగిపోయి ఉంది.

గొంతును మేం వదిలేయలేదు. పగలు కుర్చీలో కూర్చుని ఉత్తరాలు చెప్పి రాయించడానికి, పాఠాలు తయారు చేయడానికి ఆమెకు అదే వేగంగా ఉంటుంది. ప్రాణం ఆధారపడే పనులు మాత్రం దాని మీద లేవు.

తలుపు

ఇంతకుముందే చేయాల్సిన పనికి అప్పుడు వచ్చాను. కుర్చీ వెడల్పు 66 సెంటీమీటర్లు, తలుపు తెరిచినప్పుడు దొరికే ఖాళీ 72. వైకల్యం ఉన్నవారి కోసం అమెరికాలో ఉన్న భవన ప్రమాణాలు అడిగే కనీస ఖాళీ సుమారు 81.5 సెంటీమీటర్లు. గోడ పగలగొట్టకుండా, తలుపు రెక్క పూర్తిగా దారిలోంచి తప్పుకునేలా చేసే బయటికి వంగిన కీళ్లను బిగిస్తే ఖాళీ 76కు చేరింది. కుర్చీ తిన్నగా వచ్చే దారి కావడంతో, మలుపు లేదు కాబట్టి, దీనితో సరిపెట్టాను. మలుపు ఉండి ఉంటే ఒప్పుకునేవాణ్ణి కాదు. గడపను తీసివేయించాం. ముందు చక్రాలకు తగిలే చిన్న కుదుపు కూడా ఆమె కాళ్లలో స్పాజం తెప్పించేది.

తలుపుకు మోటారు పెట్టడానికి కుటుంబం వెనకాడింది. “లోపల ఏమైనా అయితే మాకు ఎలా తెలుస్తుంది?” అన్న భర్త ప్రశ్నను, ఆ మధ్యాహ్నం తర్వాత, తేలిగ్గా తీసుకోలేం. అందరం కూర్చుని మాట్లాడుకుని ఒక ఒప్పందానికి వచ్చాం. తలుపు మూసుకుంటుంది గానీ తాళం పడదు. మూసినది ఆమే అయితే బయట చిన్న ఎర్ర దీపం వెలుగుతుంది. అది వెలుగుతున్నంతసేపు తట్టి, జవాబు వచ్చాకే లోపలికి వెళ్లాలి. అత్యవసర స్విచ్ నొక్కిన మరుక్షణం తలుపు తనంతట తాను తెరుచుకుంటుంది. కరెంటు పోతే మోటారు పట్టు వదిలేస్తుంది, చేత్తో తోస్తే చాలు. మొదటి రోజు ఆమె తలుపు మూసుకుని రెండు గంటలు తెరవలేదు. భర్త వసారాలో అటూ ఇటూ తిరుగుతూ ఉన్నారు గానీ తట్టలేదు.

ఆరు నెలల తర్వాత

అదే పత్రాన్ని మళ్లీ నింపినప్పుడు, ఆమె ఎంచుకున్న ఐదు పనుల్లో చేయగలిగే తీరు సగటున 1.8 నుంచి 6.4కు, సంతృప్తి 1.6 నుంచి 7కు పెరిగాయి. ఈ కొలతలో 2 పాయింట్ల మార్పును అర్థవంతమైనదిగా లెక్కిస్తారు. రాత్రి పిలుపులు ఏడు నుంచి మూడుకు తగ్గాయి; అందులో రెండు పక్కకు తిప్పడానికే. ఒంటరిగా ఉండే వ్యవధిని మూడు గంటలుగా రాశాను. ఆమె నాలుగు అడిగారు. కుర్చీని వెనక్కి వంచే మోటారు ఆగిపోతే ఒత్తిడి తగ్గించుకునే దారి ఆమెకు మరొకటి లేదు. ఇప్పుడైతే అరగంటకొకసారి కుర్చీని 45 డిగ్రీలకు పైగా వంచి రెండు మూడు నిమిషాలు ఉంటారు. పిలిస్తే అరగంటలో చేరుకోగల రెండో వ్యక్తి దొరికే వరకు నేను మూడు దాటి రాయలేనని చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు గానీ, పాటిస్తున్నారు.

ఆమె వద్దనుకున్నది ఒకటి ఉంది. ఉదయం ఆరున్నరకు కిటికీ తెరలు తెరుచుకుని, దీపం వెలిగి, వార్తలు మొదలయ్యే ఒక క్రమాన్ని నేను ఉత్సాహంగా పెట్టాను. పది రోజుల్లో తీయించేశారు. “నేను నిద్ర లేచానో లేదో ఇల్లు నిర్ణయించకూడదండీ” అన్నారు. అనవసర ఖర్చని నేను వాదించిన మోటారు కిటికీ తెరలను మాత్రం రోజుకు అరడజనుసార్లు వాడుతున్నారు. మధ్యాహ్నం ఎండ పరికరం తెర మీద పడితే స్కానింగ్ కనిపించదని నేను ముందుగా గమనించలేదు.

నేను ఈ పని మొదలుపెట్టి ఇప్పుడు పద్నాలుగో నెల నడుస్తోంది. కుర్చీని నడిపే జాయ్‌స్టిక్‌ను తోసే కుడి భుజంలో నొప్పి మొదలైంది, కుర్చీని గడ్డంతో నడిపే పద్ధతికి మారాల్సి రావచ్చు. గడ్డం దగ్గర కొత్త పరికరం వస్తే తల పక్క స్విచ్ చోటు మారుతుంది, తల కదలికలో పొరపాట్లు పెరగవచ్చు. అందుకే వచ్చే నెల ఒక ఉదయమూ ఒక రాత్రీ కేటాయించి, అదే ఇరవైసార్ల పరీక్షను మొదటి నుంచి చేయబోతున్నాం. పట్టిక గీసే పని ఈసారి తానే చేయిస్తానని, నేను ఖాళీ చేతులతో వస్తే చాలని ఆమె చెప్పారు.